శనివారం రాత్రి ఇటలీ

సీతారామయ్యగారు శనివారం రాత్రి అన్నం తినరు. ఈ సంగతి ఢిల్లీ ఆర్.కె.పురం సెక్టార్ ఫోర్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. పక్క క్వార్టర్ల పంజాబీలకి తెలుసు, పాలబూత్ వాడికి తెలుసు, ఆయన పనిచేసే మంత్రిత్వశాఖలో కింద గుమాస్తా నుంచి పైన జాయింట్ సెక్రటరీ దాకా తెలుసు. తెలియనివాడు ఎవడైనా తగిలితే ఆయనే చెబుతారు. చిన్నప్పుడు ఆయనకి టైఫాయిడ్ వస్తే, పిల్లాడు దక్కితే శనివారం రాత్రిళ్ళు మెతుకు ముట్టనివ్వనని వాళ్ళమ్మ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. పిల్లాడు దక్కాడు. దక్కి, రాజమండ్రిలో బి.ఏ. చదివి, ఢిల్లీలో సెక్షనాఫీసరై, సుభద్రని పెళ్ళి చేసుకున్నాడు.

మొక్కులో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. స్వామికిచ్చిన మాట మెతుకు గురించే కదా. అదే బియ్యాన్ని నానబోసి రుబ్బితే దోషం లేదని, రవ్వగా విసిరితే అసలే లేదని వాళ్ళ వంశంలో ఎవరో ఎప్పుడో తేల్చేశారు. అంచేత శనివారం రాత్రి ఆయన ముందు దోసెలుండేవి, లేదంటే దిబ్బరొట్టె, అదీ కాకపోతే రెండు చట్నీలతో ఇడ్లీ. పెసరట్టయితే అల్లప్పచ్చడి ఉండి తీరాలి. మామూలు రోజుల్లో చారూ అప్పడంతో సరిపెట్టుకునే మనిషి, ఉపవాసం నాడు మాత్రం పెనం చల్లారనిచ్చేవారు కాదు. ఉపవాసం ఆయనది, రుబ్బురోలు సుభద్రది.

రుబ్బురోలన్నది మాటవరసకి కాదు. కాపరానికి వస్తున్నప్పుడు ఆ రోలు జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద పడుకుని ఆమెతోపాటే ఢిల్లీ వచ్చింది. అప్పట్నించీ బాల్కనీలో ఓ మూల కూర్చుని ఉంది. తరవాత మిక్సీ కొన్నారు గానీ, మిక్సీ పిండికి రుచి ఉండదని సీతారామయ్యగారి సిద్ధాంతం. పైగా ఢిల్లీ వేసవిలో శనివారం సాయంత్రమే చూసుకుని కరెంటు పోయేది. శుక్రవారం రాత్రి మినప్పప్పు నానబోస్తున్నప్పుడే సుభద్ర కుడిభుజం గొణగడం మొదలుపెట్టేది. ఆమెకి దేవుడంటే భక్తి ఉంది, మొగుడంటే ఇష్టం ఉంది, శనివారం అంటే మాత్రం పరమ అసహ్యం. ఈ మూడో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

అలాంటి ఇంట్లో తొంభై ఆరో సంవత్సరంలో శరణ్యకి ఉద్యోగం వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. కన్నాట్ ప్లేస్‌లో విమానం టికెట్లమ్మే ఆఫీసులో పని. మొదటి జీతంతో అమ్మానాన్నలకి బయట భోజనం పెడతానంది. ఆ పిల్లకి సెలవు కుదిరేది శనివారమే.

"శనివారం నాడు హోటలా?" అన్నారు సీతారామయ్యగారు, ఎవరో ఫైలు పోగొట్టినట్టుగా.

"ఇటాలియన్ నాన్నా. పాస్తా అంతా గోధుమపిండే, బియ్యం ఉండదు. చావల్ హోతా హీ నహీ, గాడ్ ప్రామిస్," అంది శరణ్య. ఆ పిల్లకి తెలుగు బాగా అర్థమవుతుంది గానీ, వాదనకి దిగితే హిందీలోకి జారిపోతుంది.

"మరి ఉల్లీ, వెల్లుల్లీ?"

"జైన్ మెనూ ఉంటుంది నాన్నా. దిల్లీ హై యే."

ఆయన ఆలోచించారు. ఆఫీసులో ఏ కాగితం మీదైనా ముందు కాదని రాసి, తరవాత సాధ్యాసాధ్యాలు పరిశీలించడం ఆయన పద్ధతి. ఇక్కడా అంతే చేశారు. గోధుమ నిషిద్ధం కాదు. ఉల్లి లేకుండా చేస్తామంటున్నారు. ఎక్కడ తినాలన్న విషయం మీద మొక్కులో ఏమీ చెప్పలేదు. చివరికి అనుమతి మంజూరైంది. సుభద్ర ఆ వారం పప్పు నానబోయలేదు.

ఆ హోటలు గ్రీన్‌పార్క్ మార్కెట్లో మేడమీద ఉంది. పేరు 'బెల్లా బగ్గా'. బగ్గా అనే పెద్దమనిషి చాలాకాలం ఇటలీ నుంచి పాలరాయి దిగుమతి చేసి, మిగిలిపోయిన పలకలు ఏం చెయ్యాలో తోచక వాటితో హోటలు కట్టించాడు. నేలా గోడలూ బల్లలూ అన్నీ పాలరాయే. కూర్చుంటే చలేస్తుంది. తిండి విషయంలో మాత్రం ఆయన ఇటలీని గుడ్డిగా నమ్మలేదు. లజానియాని తందూర్‌లో పెట్టించాడు, పెన్నే పాస్తాలో మఖనీ గ్రేవీ పోయించాడు, పిజ్జా మీద పనీర్ టిక్కా పరిచాడు, వేటితోనైనా సరే పుదీనా చట్నీ ఉచితంగా ఇచ్చాడు. జనం విరగబడి వచ్చేవారు.

శరణ్య తండ్రికి పాస్తా తెప్పించింది. ఆయన ఫోర్కుతో పొడిచారు. అది జారింది. మళ్ళీ పొడిచారు. చివరికి ఒకటి నోట్లోకి వెళితే కాసేపు నమిలి, "ఇది ఉడికిందా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే పక్కబల్ల మీదికి పసుప్పచ్చగా, ముద్దగా, పొగలు కక్కుతూ ఏదో వచ్చింది. ఆయన మెడ సాచి చూసి వెయిటర్ని పిలిచారు.

"వో క్యా హై?"

"రిసోట్టో, సర్."

"గేహూ కా రవా హై నా?" గోధుమరవ్వేనని ఖాయం చేసుకోబోయారు.

"జీ సర్."

ఢిల్లీ వెయిటర్లు కాదు అనరు. యమునలోంచి తెచ్చిన ఇసుకా అని అడిగినా జీ సర్ అనే అంటారు. మెనూలో పేర్లే తప్ప వివరాలు లేవు, ఉన్నా ఆయన చూడరు. ప్రశ్న వేసి సమాధానం రాబట్టడం మీదే ఆయనకి నమ్మకం. రిసోట్టో వచ్చింది. ఆయనో చెంచాడు తిన్నారు, సుభద్ర ప్లేటులో ఓ చెంచాడు వేశారు.

నోట్లో పెట్టుకోగానే సుభద్రకి తెలిసిపోయింది. ఇరవైమూడేళ్ళుగా పొద్దున్నా సాయంత్రం గంజి వార్చిన మనిషి ఆమె. పాలల్లో ఉడికించినా, చీజుతో చితకబాదినా, కుంకుమపువ్వు రంగు పులిమినా బియ్యం బియ్యమే. చెప్పబోయి మొగుడి మొహం చూసింది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. ఆవిరికి మసకబారిందని కాదు, కళ్ళు మూసుకుని తింటున్నారు. ఊహ తెలిశాక శనివారం రాత్రి అన్నం ఎరగని కడుపది. ఆయన మొహంలో అంతటి శాంతి ఆమె తిరుపతిలో కూడా చూడలేదు.

ఆయనకి తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆయన దృష్టిలో అన్నమంటే తెల్లగా, పొడిపొడిగా, కంచంలో కూర్చుని పప్పు కోసం ఎదురుచూసేది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆయన ఎప్పుడూ విచారించలేదు. వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళిన మనిషైతే కదా.

సుభద్ర నోరు మూసుకుంది. మూసుకున్నాక తన చేతులకేసి చూసుకుంది. గోళ్ళ సందుల్లో పిండి లేదు. ఎవరో కుర్రాడు వచ్చి ఆమె గ్లాసులో నీళ్ళు పోసి వెళ్ళాడు. పెళ్ళయ్యాక ఆమెకి ఒకరు కూర్చోబెట్టి నీళ్ళు పోయడం అదే మొదలు. ఆ రాత్రి స్కూటర్ వెనక కూర్చుని ఇంటికొస్తుంటే ఆమెకి ఉన్నట్టుండి పట్టలేనంత సంతోషం వేసింది. ఇంట్లో తోమాల్సిన పెనం లేదు, కడగాల్సిన రోలు లేదు. శనివారం ఇలా కూడా ఉంటుందా అనుకుంది.

మర్నాడు దీపం వెలిగిస్తూ స్వామితో తేల్చుకుంది. "అడిగింది ఆయన. గోధుమన్నది వెయిటరు. మధ్యలో నేను నోరు విప్పలేదు. తప్పుందంటే బగ్గా ఖాతాలో వేసుకో." స్వామి ఏమీ అనలేదు. పైవాళ్ళు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని ఆమె మొగుడి ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఆమె అదే పాటించింది. అయితే తను మాత్రం రెండో చెంచా తినలేదు. మొక్కు ఆయనదే, కానీ పెళ్ళయినప్పట్నించీ ఆయనతోపాటు ఆమె కూడా శనివారం మెతుకు ముట్టలేదు. తెలిసీ తినడానికి మనసొప్పలేదు. ఆమె పిజ్జా తినేది.

ఆ తరవాత ప్రతి శనివారం సాయంత్రం బజాజ్ స్కూటర్ గ్రీన్‌పార్క్ వెళ్ళింది. సుభద్ర పిజ్జా నేర్చుకుంది, స్పగెట్టి ఫోర్కుకి చుట్టడం నేర్చుకుంది, తందూరీ లజానియా అంటే ప్రాణం పెట్టింది. నీలం పట్టుచీర ఒకటి బీరువాలోంచి బయటికి తీసి, అది ఇటలీ చీరని తనకి తానే పేరు పెట్టుకుంది. భుజంనొప్పి తగ్గింది. దానికి ఆవిడ వాడిన మందేమీ లేదు.

సీతారామయ్యగారు ఊరికే తినే మనిషి కాదు. ఏ కాగితం చేతికొచ్చినా మార్జిన్‌లో నాలుగు సవరణలు రాయందే వదలరు. రెండో శనివారమే బగ్గాని పిలిపించి చీజు వాసన తగ్గించి మిరియాలు దంచి వెయ్యమన్నారు. తరవాత వారం అల్లం ముక్కలు వచ్చాయి. ఆ పైన వెన్న పోయి నెయ్యి వచ్చింది, వెన్న ఒంటికి పడదని. జీడిపప్పు విడిగా ఎర్రగా వేయించి చివర్న కలపాలన్నారు. కరివేపాకు ఐ.ఎన్.ఏ. మార్కెట్లో ఎవరి దగ్గర దొరుకుతుందో దుకాణం గుర్తులతో సహా చెప్పారు. చలికాలం వచ్చేసరికి, ఓ గుప్పెడు పెసరపప్పు కూడా పడితే ఒంటికి బలమని సెలవిచ్చారు. వారం వారం ఇటలీ కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గింది. హోళీ నాటికి పాలరాతి బల్లమీద సాక్షాత్తూ కట్టెపొంగలి వచ్చి కూర్చుంది. సుభద్ర నాప్‌కిన్ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దేఖా సర్," అన్నాడు బగ్గా చేతులు కట్టుకుని, "ఐసా రిసోట్టో రోమ్‌లో కూడా నహీ మిలేగా." ఆ మాట అక్షరాలా నిజం. దాన్ని మెనూలో 'రిసోట్టో అల్లా మద్రాస్' అని చేర్చుకున్నాడు. పంజాబీ కుటుంబాలు ఇంటిల్లిపాదీ వచ్చి అదే తెప్పించుకునేవాళ్ళు.

సీతారామయ్యగారికి ఇటలీ మీద అభిమానం ముదిరి పిచ్చిలోకి దిగింది. "ఇటలీవాళ్ళు అచ్చం మన గోదావరివాళ్ళయ్యా. మిరియం, నెయ్యి, జీడిపప్పు లేందే ముద్ద దిగదు వాళ్ళకి," అని ఆఫీసులో వీరరాఘవులుకి చెప్పారు. వీరరాఘవులు పక్క సెక్షన్ మనిషి. ఎదురు చెబితే ఆయన ఇంకో గంట మాట్లాడతారని తెలిసి తలాడించాడు. మధ్యలో ఒకసారి అసలు సిసలు ఇటలీ చూద్దామని శరణ్య వాళ్ళని ఓ పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళింది. అక్కడ పాస్తా కాస్త పలుకుగా ఉంటే, ఇంకో రెండు విజిల్స్ రానివ్వమని ఆయన వెనక్కి పంపారు. ఇంకోసారి గుర్గావ్ రోడ్డు మీద ఓ తోటలో, మట్టి తందూర్‌లో కాల్చిన పిజ్జా తిన్నారు. రొట్టె మీద కూర వేసి ఇవ్వడమేమిటి, పక్కన పెట్టాలి గదా అన్నారు. సుభద్రకి రెండు చోట్లూ బాగానే ఉన్నాయి. ఆమెకి ఇంట్లో కానిది ఏదైనా బాగానే ఉంటోంది.

ఏడాదిన్నర ఇలా గడిచింది. అప్పుడు అరుంధతిగారు వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది.

అరుంధతిగారు సీతారామయ్యగారి అక్కగారు. రాజమండ్రిలో ఉంటారు. హరిద్వార్ వెళుతూ దారిలో తమ్ముడి దగ్గర పదిరోజులు ఆగుతానన్నారు. మూత తియ్యకుండానే గిన్నెలో ఉన్నది కొత్తబియ్యమో పాతబియ్యమో చెప్పగల మనిషి. ఆ సంగతి గుర్తు రాగానే సుభద్ర ఆ పదిరోజుల్లో శనివారం ఎప్పుడొస్తుందో లెక్కపెట్టింది. తమ్ముడిది మొక్కు, అక్కగారిది ముక్కుసూటితనం. శనివారం నాడు అన్నం పెట్టిస్తున్నారని ఆవిడ అక్కడే హోటల్లో నిలబడి అనేస్తే, ఆ రాత్రితో బెల్లా బగ్గా సరి. పిజ్జా సరి, నీలం చీర సరి, మళ్ళీ ఆ రోలు, ఆ భుజం. దేవుడు క్షమిస్తాడో లేదో గానీ మొగుడు క్షమించడని ఆమెకి తెలుసు.

వదినగారికి ప్రయాణం బడలికగా ఉంటుందని చెప్పి చూసింది. పాలరాయి చలికి మోకాళ్ళు పట్టేస్తాయంది. సీతారామయ్యగారు వినిపించుకుంటేనా. ఇటలీని అక్కయ్యకి పరిచయం చెయ్యడం ఆయనకి పరువు విషయం. శనివారం సాయంత్రం ఆటోలో ఆవిణ్ణి ఎక్కించుకుని అందరూ వెళ్ళారు.

రిసోట్టో అల్లా మద్రాస్ వచ్చింది. అరుంధతిగారు చెంచా పక్కన పెట్టి చేత్తో కలిపి ముద్ద పెట్టుకున్నారు. నమలడం ఆగింది. ఆవిడ తలెత్తి తమ్ముణ్ణి చూశారు. ఆయన గర్వంగా చూస్తున్నారు. తరవాత సుభద్రకేసి చూశారు. సుభద్ర పిజ్జా ముక్క చేతిలో పట్టుకుని, నీలం పట్టుచీరలో కూర్చుని ఉంది.

"సుభద్రా, మీకు శనివారం శనివారం ఇక్కడేనా?"

"అవును వదినగారూ."

"ఊఁ," అన్నారావిడ. ప్లేటంతా ఖాళీ చేసి మళ్ళీ పెట్టించుకున్నారు.

సుభద్ర గండం గడిచిందనుకుంది. నిజమైన గండం ఆదివారం పొద్దున కాఫీ దగ్గర వచ్చింది. ముగ్గురూ బాల్కనీలో కూర్చున్నారు. శరణ్య ఇంకా లేవలేదు. సీతారామయ్యగారు కాఫీగ్లాసు రుబ్బురోలు మీద పెట్టి, రాత్రంతా ఆలోచించి ఖరారు చేసినట్టు మొదలుపెట్టారు.

"అక్కయ్య రెండుసార్లు పెట్టించుకుందంటే మాటలు కాదు. నాకొకటి తోచింది సుభద్రా. ఇంత తేలికైన ఫలహారానికి అంతదూరం వెళ్ళడం దేనికి? తయారీ అంతా నేనే కదా చెప్పింది బగ్గాకి. ఆ గోధుమరవ్వేదో ఎక్కడ కొంటున్నాడో కనుక్కుంటాను. వచ్చే శనివారం నుంచి నువ్వే ఇంట్లో చేసెయ్. రుబ్బే పని కూడా లేదు. దాంతోపాటు నాలుగు అట్లు పోసేవంటే నిండుగా ఉంటుంది."

సుభద్ర ఆయన మొహంలోకి చూసింది. రవ్వంటూ ఉంటే గదా కొనడానికి. బియ్యమని చెబితే గ్రీన్‌పార్క్ పోతుంది. చెప్పకపోతే గ్రీన్‌పార్క్ ఎలాగూ పోయింది, పైగా శనివారం నాడు తన చేత్తో అన్నం వండి, గోధుమని అబద్ధమాడి ఆయనకి పెట్టాలి. ఆ పైన నాలుగు అట్లు. ఎటు చూసినా వంటిల్లే కనపడింది. ఏడుపు వస్తుందనుకుంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండే కోపం వచ్చింది.

"అది గోధుమ కాదండీ," అంది.

"మరి?"

"బియ్యం. మీరు ఏడాదిన్నరగా శనివారం శనివారం అన్నం తింటున్నారు. కట్టెపొంగలి. నాకు మొదటిరోజే తెలుసు."

ఆయన నవ్వబోయారు. తరవాత మిరియాలు, నెయ్యి, జీడిపప్పు, కరివేపాకు, పెసరపప్పు అన్నీ ఒకదాని తరవాత ఒకటి ఆయన మొహంలోకి వచ్చి నిలబడ్డాయి. మనిషి తెల్లబోయారు.

"అక్కయ్యా," అన్నారు ఆసరా కోసం, "నువ్వూ తిన్నావు కదా, అది..."

"బియ్యమేరా రాముడూ," అన్నారు అరుంధతిగారు కాఫీ తాగుతూ. "మొదటి ముద్దకే తెలిసింది. కాస్త ముక్కిన బియ్యం కూడాను. అయినా బాగా చేశాడు."

"తెలిసీ శనివారం నాడు రెండుసార్లు పెట్టించుకున్నావా?"

"నాకేం మొక్కు? అమ్మ మొక్కింది నీకోసం. నాకు వచ్చిందల్లా రోట్లో పొత్రం. నీకు టైఫాయిడ్ తగ్గినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అప్పట్నించీ నా పెళ్ళిదాకా నీ శనివారాలన్నీ రుబ్బింది నేను. తరవాత ఈ పిల్ల వచ్చింది."

సీతారామయ్యగారు తలపట్టుకున్నారు. తెలియక జరిగిందని, స్వామి దగ్గర తెలియక చేసిన తప్పుకి మినహాయింపు ఉంటుందని గొణిగారు. తరవాత సుభద్ర మీదికి తిరిగారు. "తెలిసి తెలిసి చెప్పకుండా ఊరుకుంటావా? శనివారం నాడు నా నోట్లోకి బియ్యం వెళుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"దోసెలో బియ్యం లేదట్రా?" అన్నారు అరుంధతిగారు.

"అది రుబ్బింది అక్కయ్యా. రుబ్బితే దోషం పోతుంది."

"అంటే ఆడది చెమటోడిస్తే నీ దోషం పోతుందన్నమాట."

సీతారామయ్యగారు రోలు మీద పెట్టిన కాఫీగ్లాసు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకున్నారు. "ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగారు. వాళ్ళమ్మ పోయాక ఆ ఇంట్లో ధర్మం చెప్పవలసింది అరుంధతిగారే.

ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. "మెతుకు తిన్నావు కాబట్టి ఇకమీదట రుబ్బింది కూడా తినకు. శనివారం రాత్రికి అరటిపండు తిని పాలు తాగు. అసలు ఉపవాసమంటే అదీ. నేను చాలనేదాకా."

"సరే. అయితే ఇక బయటికి వెళ్ళే పనే లేదు."

"ఎందుకు లేదు? ఇంట్లో కూర్చుని తినకపోతే ఆకలెయ్యక తినలేదో, నిగ్రహమో ఆ దేవుడికెలా తెలుస్తుంది? కట్టెపొంగలి ఎదురుగా ఉండగా తినకుండా ఉండు, అప్పుడు లెక్కలోకి వస్తుంది. ఆ మార్బుల్ హోటల్‌కే వెళ్ళు. నువ్వు చూస్తుండగా సుభద్ర తింటుంది."

"వదినగారూ, నేను శనివారం మెతుకు ముట్టను," అంది సుభద్ర.

"తెలుసమ్మా. నిన్న పిజ్జా పట్టుకు కూర్చున్నప్పుడే చూశాను. టైఫాయిడ్ వచ్చింది నీకు కాదు. తిను."

అరుంధతిగారు హరిద్వార్ చూసుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ, ఆదివారం ఆదివారం ఫోన్ చేసి కనుక్కుంటానని తమ్ముణ్ణి బెదిరించి మరీ వెళ్ళారు.

మరుసటి శనివారం సాయంత్రం సుభద్ర నీలం చీర కట్టుకుంది. బగ్గా ఎదురొచ్చి అలవాటైన బల్ల చూపించాడు. రిసోట్టో తెచ్చి సీతారామయ్యగారి ముందు పెట్టబోతే ఆయన చేత్తో భార్యవైపు చూపించి, "మేరా ఉపవాస్ హై," అన్నారు. వచ్చిన మనిషి తినకపోవడం బగ్గా వృత్తిధర్మానికే విరుద్ధం. అరటిపండు తప్ప ఏదీ పనికిరాదని తెలుసుకుని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి తెల్లటి పెద్ద ప్లేటు మధ్యలో ఒక అరటిపండు, దాని నెత్తిన పుదీనా ఆకు, అటు కత్తి, ఇటు ఫోర్కు వచ్చాయి. సీతారామయ్యగారు పుదీనా తీసి పక్కన పెట్టి, తొక్క ఒలుచుకుని, తొందరేమీ లేదన్నట్టు కొరుక్కుతిన్నారు. ఎంత మెల్లగా తిన్నా అది అరటిపండే, అయిపోయింది.

సుభద్ర ముందు కట్టెపొంగలి పొగలు కక్కుతోంది. ఆమె చెంచా తీసి, మళ్ళీ పెట్టేసి, వదినగారిలాగే చెయ్యి పెట్టింది. వేడి తగిలింది. పెళ్ళయ్యాక శనివారం రాత్రి అన్నం కలపడం ఇదే మొదలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళు చెమర్చాయి. మిరియపు ఘాటని సర్దుకుంది.

"బాగుందా?" అని అడిగారాయన.

"బాగుందండీ. మిరియాలు సరిపోయాయి."

ఆయన ప్లేటుకేసి చూశారు. జీడిపప్పుకేసి చూశారు. ఆ చూపు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. కాసేపు గోడ మీద పాలరాతి చారలు చూసి, మళ్ళీ ఇటు తిరిగారు.

"ఆ పొత్రం ఎంత బరువుంటుంది?"

సుభద్ర ముద్ద కలుపుతూ ఆగింది. కూలీల మోతబేరంలో తప్ప దాని బరువు గురించి ఆ ఇంట్లో ఇప్పటిదాకా మాట రాలేదు. "ఇంటికెళ్ళాక ఎత్తి చూడండి," అంది.

ఆయన సరేనని తలూపారు. నిజంగానే ఎత్తి చూస్తారని ఆమెకి అనిపించింది. ఆకలికి ఆయన కడుపులో చిన్న చప్పుడు కూడా అయింది. పాతికేళ్ళ అలవాటు, సుభద్ర ఎడంచెయ్యి దానంతటదే చెంచా అందుకుని, ఓ ముద్ద ఆయన ప్లేటులో వెయ్యబోయింది. సగంలో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఆయన్ని చూస్తే ఆమెకి జాలేసింది. జాలేస్తే వేసిందిలే అనుకుని, చివరి మెతుకు దాకా తింది.